గమ్ పని చేయలేదా, మోతాదు చాలలేదా? సిగరెట్ మానేవాళ్లకు మొదటి వారాల లెక్క

ప్రశ్న క్లుప్తంగా ఇది: వయసు 36. రోజుకు 16 నుంచి 18 సిగరెట్లు, నిద్ర లేచిన పావుగంటలోపే మొదటిది. మందుల షాపులో 2 మి.గ్రా. నికోటిన్ గమ్ కొని, మరీ ఆగలేకపోయినప్పుడు ఒకటి చొప్పున రోజుకు నాలుగైదు నమిలారు. వెక్కిళ్లు, వికారం, ఛాతీలో మంట. రెండు రాత్రులు నిద్ర లేదు, ఇంట్లో అందరి మీదా అరిచారు. మూడో రోజు సాయంత్రం టీ కొట్టు దగ్గర మళ్ళీ వెలిగించారు. "గమ్ నా ఒంటికి పడదా? ఈ చిరాకు ఎన్నాళ్లుంటుంది? మెల్లగా తగ్గించుకుంటూ పోవడం మేలా?" అని అడుగుతున్నారు.

గమ్ పడకపోవడం కాదండీ. వాడింది తక్కువ, నమిలింది వేగంగా. ఈ రెండూ కలిస్తే నికోటిన్ రక్తంలోకి పోవాల్సింది కడుపులోకి పోతుంది. అందుకే అటు యావా తీరలేదు, ఇటు కడుపూ చెడింది.

లెక్క వేసి చూడండి. ఒక సిగరెట్ తాగితే ఒంట్లోకి చేరే నికోటిన్ సుమారు 1 నుంచి 1.5 మి.గ్రా. మీ 16 సిగరెట్లకు రోజుకు తక్కువలో తక్కువ 16 మి.గ్రా. 2 మి.గ్రా. గమ్‌ను పద్ధతిగా నమిలినా రక్తంలోకి వచ్చేది అందులో దాదాపు సగమే. ఐదు గమ్‌లకు 5 మి.గ్రా. అనుకుందాం. గబగబా నమిలి మింగేశారు కాబట్టి ఆ 5 కూడా వచ్చి ఉండదు. అంటే ఒంటికి అలవాటైన దాంట్లో మూడింట రెండొంతుల పైనే ఒక్కసారిగా కోసేశారు. మూడో రోజు వెలిగించడంలో వింతేమీ లేదు. దీన్ని మనోబలం లేకపోవడం అని తిట్టుకునేవాళ్లే ఎక్కువ, అది అన్యాయం.

ఇంకో తేడా వేగంలో ఉంది. పొగ పీల్చిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. గమ్‌లోది నోటి లోపలి పొర గుండా మెల్లగా ఎక్కి, గరిష్ఠానికి రావడానికి అరగంట దాకా పడుతుంది. కాబట్టి ప్రాణం పీకేస్తున్నప్పుడు గమ్ కోసం జేబులు తడుముకుంటే అప్పటికే ఆలస్యం. గమ్ వాడాల్సింది గడియారం చూసి, యావ చూసి కాదు. ఒక్క గమ్ మీదే ఆధారపడేవాళ్లకు మొదటి ఆరు వారాలు మెలకువగా ఉన్నంతసేపూ గంట నుంచి రెండు గంటలకొకటి, రోజుకు కనీసం తొమ్మిది. ఏడు నుంచి తొమ్మిది వారాల్లో రెండు నుంచి నాలుగు గంటలకొకటి. పది నుంచి పన్నెండు వారాల్లో నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. రోజుకు 24కి మించకూడదు, అంత అవసరం రావడం కూడా అరుదు.

లేచిన అరగంటలోపు మొదటి సిగరెట్ కావాలనిపించడం గట్టి బానిసత్వానికి గుర్తు. రోజుకు ఎన్ని తాగుతారన్న దానికన్నా ఇదే నమ్మదగిన కొలత. రక్తంలో నికోటిన్ ప్రతి రెండు గంటలకూ సగానికి పడిపోతుంది, రాత్రంతా నిద్రపోయాక దాదాపు అడుగంటుతుంది. అందుకే కొందరికి పళ్లు తోమకముందే అగ్గిపెట్టె కావాలి. అలాంటివాళ్లకు 2 మి.గ్రా. గమ్ ఒక్కటే సరిపోదు. 4 మి.గ్రా. గమ్ ఉంది కానీ మన దేశంలో దానికి డాక్టరు చీటీ కావాలి. మీ పరిస్థితికి నా ఓటు ఇంకో పద్ధతికి: 21 మి.గ్రా. నికోటిన్ ప్యాచ్ (చర్మానికి అంటించుకునే పట్టీ) ఒంటి మీద, దాని పైన అవసరమైనప్పుడు 2 మి.గ్రా. గమ్. ప్యాచ్ రోజంతా అడుగు మట్టం నిలబెడుతుంది, గమ్ మధ్యలో లేచే అలలకు. ఒక్కటే వాడినవాళ్లకన్నా ఇలా రెండూ కలిపి వాడినవాళ్లలో మానేసేవాళ్లు ఎక్కువని పరిశోధనల్లో తేలిన విషయమే. ప్యాచ్ ప్రతి షాపులోనూ ఉండదు, ముందే చెప్పి తెప్పించుకోవాలి.

ఇప్పుడు గమ్ నమలడం. ప్యాకెట్‌లో కాగితం మీద రాసే ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ. ఇది బబుల్‌గమ్ కాదు. నోట్లో వేసుకుని మెల్లగా పది పదిహేను సార్లు నమలండి. మిరియం కొరికినట్టు చిన్న ఘాటో, చిగుళ్ల దగ్గర చురచురో తగులుతుంది. తగిలిన క్షణం ఆపి, దాన్ని బుగ్గకూ చిగురుకూ మధ్య నొక్కి పెట్టేయండి. కదపొద్దు. ఒక నిమిషానికి ఘాటు తగ్గుతుంది. మళ్ళీ నాలుగైదు సార్లు నమిలి, ఈసారి రెండో బుగ్గకు మార్చండి. ఇలా అరగంట. ఘాటు ఇక రావడం లేదంటే అయిపోయినట్టే. మధ్యలో ఊరే ఉమ్మిని గుటకలు వేయకూడదు. మింగిన నికోటిన్‌లో చాలాభాగం కాలేయమే విరిచేస్తుంది, మిగిలింది కడుపును గిల్లుతుంది. మీ వెక్కిళ్లు, మంట అక్కడివే. వెక్కిళ్లు మొదలైతే గమ్ ఉమ్మేయక్కర్లేదు, రెండు మూడు నిమిషాలు నమలకుండా బుగ్గన ఉంచితే చాలు.

రెండో రహస్యం పులుపు. నోరు కాస్త క్షారంగా ఉంటేనే నికోటిన్ పొర దాటుతుంది. ఖైనీలో సున్నం నలిపేది అందుకే, గమ్‌లో సోడా లాంటి క్షారాలు కలిపేదీ అందుకే. కాఫీ, నిమ్మరసం, కూల్‌డ్రింక్, పండ్లరసం నోట్లో ఉండగా గమ్ వేసుకుంటే సగం వృథా. మన భోజనంలో చారు, పులుసు, మజ్జిగ, ఊరగాయ అన్నీ పులుపే. కాబట్టి తిన్నాక నీళ్లు పోసి బాగా పుక్కిలించండి, పావుగంట ఆగి గమ్ వేసుకోండి. నోట్లో గమ్ ఉన్నంతసేపూ ఏమీ తినకూడదు, తాగకూడదు. మరి భోజనం అవగానే లాగే యావ సంగతి? ఆ పావుగంటను ప్యాచ్ కాస్తుంది. సోంపు, లవంగం నములుకోండి. వక్కపొడి మాత్రం వద్దు, పొగాకు కలవకపోయినా వక్క తనంతట తానే క్యాన్సర్ కారకం.

కట్టుడు పళ్లున్నా, దవడ నొప్పి ఉన్నా గమ్ బదులు నికోటిన్ లాజెంజ్ (చప్పరించే బిళ్ల) తీసుకోవచ్చు. దాన్ని కొరకకుండా బుగ్గన పెట్టుకుని కరగనివ్వాలి.

ప్యాచ్‌కు పొద్దున స్నానం తర్వాత చర్మం పూర్తిగా ఆరాలి. జబ్బ పైభాగం, ఛాతీ పక్క, వీపు పైభాగం, వీటిలో వెంట్రుకలు లేని చోటు. కొబ్బరినూనె, పౌడరు, క్రీము ఏది రాసినా అంటుకోదు. ప్యాచ్ ఊడిపోతోందని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామంది సంగతి ఇదే. అరచేత్తో పది సెకన్లు గట్టిగా అదమండి. రోజుకో చోటు, వాడిన చోటే మళ్ళీ వారం దాకా వాడొద్దు. మొదటి గంట దురద మామూలే, ఎర్రగా దద్దురు లేచి తగ్గకపోతే తీసేసి డాక్టరుకు చూపించాలి. వేసుకున్నాక చేతులు కడగండి, ఆ వేళ్లతో కళ్లు నలిపితే మండుతుంది. కత్తిరించి సగం వాడొద్దు. తీసేసిన ప్యాచ్‌లోనూ నికోటిన్ మిగిలే ఉంటుంది. జిగురు వైపు లోపలికి మడిచి పిల్లలకు అందనిచోట పారేయండి.

రోజుకు పదికి మించి తాగేవాళ్లకు 21 మి.గ్రా. ఆరు వారాలు, 14 మి.గ్రా. రెండు వారాలు, 7 మి.గ్రా. రెండు వారాలు. రాత్రి పిచ్చి కలలు, మధ్యలో మెలకువ ఎక్కువైతే పడుకునేముందు తీసేయొచ్చు. కానీ పొద్దున కొత్తది వేశాక అది అందుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది, మీ గండమేమో లేచిన పావుగంటలోనే. అందుకని మంచం దిగగానే నోరు పుక్కిలించి ఒక గమ్ పెట్టుకోవడం ఆ పద్ధతిలో భాగం.

ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, ఛాతీ నొప్పి అదుపులో లేనివాళ్లు, గుండె లయ తప్పేవాళ్లు, గర్భిణులు, 18 ఏళ్లలోపువాళ్లు ఇవేవీ సొంతంగా మొదలుపెట్టకూడదు. మిగతావాళ్లలో మోతాదు ఎక్కువైతే వికారం, చెమట, నోట్లో ఉమ్మి ఊరడం, గుండె దడ కనిపిస్తాయి. తక్కువైతే చిరాకు, ఆకలి, ఒకచోట కూర్చోలేకపోవడం. మొదటిదాన్ని రెండోదనుకుని ఇంకో గమ్ వేసుకోవడం తరచూ జరిగే పొరపాటు.

చిరాకు ఎన్నాళ్లంటే, చివరి సిగరెట్ తర్వాత కొన్ని గంటల్లోనే మొదలై రెండో రోజు, మూడో రోజు శిఖరానికి వెళ్తుంది. వారం దాటాక దిగడం తెలుస్తుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు పోతుంది. మీరు వెలిగించింది సరిగ్గా శిఖరం మీద. ఈసారి ఆ రెండు మూడు రోజులు ఎప్పుడొస్తాయో చూసుకుని మానే తేదీ పెట్టుకోండి. నెలాఖరు లెక్కలు, ఇంట్లో పెళ్లి, రాత్రి ప్రయాణాలు ఆ మూడు రోజుల్లో పడకూడదు. యావ కూడా రోజంతా ఒకే తీరుగా ఉండదు. ఒక్కో అల మూడు నుంచి ఐదు నిమిషాలు, తర్వాత దానంతట అదే దిగుతుంది. ఆ ఐదు నిమిషాలు కూర్చున్న చోటు నుంచి లేవడమే పెద్ద పని. మెట్లు దిగండి, చల్లటి నీళ్లు గుక్కగుక్కగా తాగండి, ఎవరికైనా ఫోన్ చేయండి.

ఇవి కాక ముందుగా ఎవరూ చెప్పని బాధలు కొన్నున్నాయి. మలబద్ధకం వాటిలో ఒకటి. నికోటిన్ పేగుల్ని కదిలించేది, అది తగ్గగానే పేగులు నెమ్మదిస్తాయి. "సిగరెట్ లేకపోతే బాత్రూమ్ అవదు" అన్న ఒక్క కారణంతో మళ్ళీ మొదలుపెట్టినవాళ్లున్నారు. నీళ్లు, ఆకుకూరలు, జామకాయ, అవసరమైతే రాత్రి గ్లాసు నీళ్లలో ఒకటి రెండు చెంచాల ఇసబ్‌గోల్. రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. నోటి పూత మొదటి రెండు వారాల్లో వస్తుంది, గమ్ వల్లేనని దాన్ని పారేయకండి, గమ్ వాడనివాళ్లకూ వస్తుంది. దగ్గు, కఫం పెరగడం మరీ భయపెడుతుంది. ఊపిరి గొట్టాల్లో మురికిని పైకి ఊడ్చే సన్నటి నూగు పొగ లేకపోయేసరికి మళ్ళీ పని మొదలుపెట్టిన గుర్తు అది. కఫంలో రక్తం, నడుస్తుంటే ఛాతీ నొప్పి, ఆయాసం మాత్రం మానడం వల్ల వచ్చేవి కావు. ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, బతుకు మీద విరక్తి లాంటి ఆలోచన వచ్చినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు.

నిద్ర లేకపోవడానికి సగం కారణం టీ, కాఫీలు. పొగలోని తారు పదార్థాలు కాలేయంలో కెఫీన్‌ను విరిచే ఎంజైమ్‌ను ఉరకలెత్తిస్తాయి. పొగ ఆగగానే అది నెమ్మదిస్తుంది, అదే మూడు కాఫీలకు రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలుస్తుంది. వణుకు, దడ, నిద్ర పట్టకపోవడం అంతా "సిగరెట్ లేక" అనుకుంటాం. మానిన రోజు నుంచే కాఫీ, టీ సగానికి తగ్గించండి, సాయంత్రం నాలుగు దాటాక వద్దు. ఇది నికోటిన్ వల్ల కాదు, పొగ వల్ల. కాబట్టి ప్యాచ్ వేసుకున్నా ఈ మార్పు వస్తుంది. అదే ఎంజైమ్ కొన్ని మందుల్నీ విరుస్తుంది. ఆయాసానికి డెరిఫిల్లిన్ లాంటి థియోఫిలిన్ మాత్రలు, మానసిక వైద్యుడు రాసిన క్లోజపిన్, ఒలాంజపిన్ వాడేవాళ్లు మానే తేదీ డాక్టరుకు ముందే చెప్పాలి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు రక్తపరీక్ష తొందరగా చేయించుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు షుగరు తరచుగా చూసుకోవాలి. మనవైపు దీన్ని అడిగే డాక్టర్లు తక్కువ, మీరే చెప్పండి.

టీ కొట్టు సంగతి. గాజు గ్లాసు, పక్కన వేలాడే లైటరు, విడి సిగరెట్ల డబ్బా చెయ్యి చాచే దూరంలో. అక్కడ నిలబడి మానడం మొదటి మూడు వారాలు ఎవరికైనా కష్టమే. టీ మానక్కర్లేదు, చోటు మార్చాలి. ఫ్లాస్కులో తెచ్చుకోండి, సీట్లోనే తాగండి. స్నేహితులకు మానేస్తున్నానని చెప్పడం మొహమాటమైతే డాక్టరు వద్దన్నారనండి, మన దగ్గర ఆ మాటకు ఎదురుండదు. మద్యం మాత్రం నాలుగు వారాలు పూర్తిగా పక్కన పెట్టాలి. రెండో పెగ్గు తర్వాత ఏ ప్రణాళికా గుర్తుండదు.

మెల్లగా తగ్గించుకోవడం గురించి అడిగారు. 2016లో బ్రిటన్‌లో 697 మంది మీద జరిగిన ప్రయోగంలో ఒక తేదీన పూర్తిగా ఆపినవాళ్లలో నాలుగు వారాలకు 49 శాతం నిలబడ్డారు, రెండు వారాల్లో తగ్గించుకుంటూ ఆపినవాళ్లలో 39 శాతం. ఎనిమిదికి తగ్గించినవాడు ఆ ఎనిమిదినీ ఇంకా లోతుగా, ఫిల్టరు దాకా పీలుస్తాడు. లైట్స్ రకానికి మారినా అంతే. కాబట్టి తేదీ పెట్టుకుని ఆపడమే నా సలహా. అయితే ఆపినరోజు ఒంటి మీద ప్యాచ్ ఉండాలి.

ఇంత చేసినా కుదరకపోతే మాత్రలున్నాయి, డాక్టరు రాయాలి. వారెనిక్లిన్ మానే తేదీకి వారం ముందు మొదలవుతుంది: మూడు రోజులు రోజుకొకటి 0.5 మి.గ్రా., తర్వాత నాలుగు రోజులు పూటకొకటి చొప్పున రెండు పూటలా 0.5, ఆ పైన రెండు పూటలా 1 మి.గ్రా., మొత్తం 12 వారాలు. ప్రధానమైన ఇబ్బంది వికారం. కడుపు నిండా తిని గ్లాసు నిండా నీళ్లతో వేసుకుంటే చాలామందికి తగ్గుతుంది. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు మారుతుంది. బుప్రోపియాన్ ఇంకొకటి, మూర్ఛ వచ్చినవాళ్లకు అది పనికిరాదు. అన్నంలో, కూరలో తెలియకుండా కలిపితే వారంలో మాన్పిస్తామనే పొడుల ప్రకటనల జోలికి పోకండి, అందులో ఏముందో రాసి ఉండదు. సిగరెట్ బదులు ఖైనీ పట్టడం మానడం కాదు. ఈ-సిగరెట్లను అమ్మడం 2019 చట్టంతో దేశమంతా నిషిద్ధం.

బరువు ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరగొచ్చు. మొదటి రెండు నెలలు దాని గురించి డైటింగ్ మొదలుపెట్టొద్దు, ఆకలితో ఉన్నవాడికి సిగరెట్ ఇంకా గుర్తొస్తుంది. బజ్జీల బదులు వేయించిన శనగలు, కీరా ముక్కలు దగ్గర పెట్టుకుంటే చాలు.

జారి ఒకటి వెలిగించారనుకోండి. ప్యాచ్ ఉండగా సిగరెట్ తాగితే గుండె ఆగిపోతుందన్న ప్రచారం నిజం కాదు, భయపడి ప్యాచ్ పీకేస్తే ఆ రోజే పాత లెక్కకు వెళ్లిపోతారు. మిగతా ప్యాకెట్ నీళ్లలో ముంచి పారేయండి, ప్యాచ్ అలాగే ఉంచండి, కొత్త తేదీ కోసం సోమవారం దాకా ఆగకండి. ఎక్కడ, ఎవరితో, ఏ టైముకు జారిందో రాసుకోండి. ఆ గంటకు అరగంట ముందు రేపు ఒక గమ్ పెట్టుకోవాలి.

పక్కన మనిషి కావాలంటే ప్రభుత్వ క్విట్‌లైన్ (పొగాకు మానడానికి సలహా ఇచ్చే ఫోన్ సేవ) ఉచితం, 1800-11-2356, సిగరెట్ పెట్టె మీద ముద్రించి ఉండే నంబరు అదే. మెసేజ్‌లు చాలనుకుంటే 011-22901701కు మిస్డ్ కాల్ ఇవ్వండి. ఫోన్ చేసేముందు ఒక కాగితం మీద ఇవి రాసి పెట్టుకోండి: రోజుకు ఎన్ని, లేచిన ఎన్ని నిమిషాలకు మొదటిది, ఇంతకుముందు ఏ మోతాదు ఎన్ని రోజులు వాడారు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల పేర్లు.